బట్టల గదిలో లైట్లు: మూడున్నరేళ్ళు వాడాక చెప్తున్నా

మా బెడ్‌రూమ్‌ని ఆనుకుని ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడుగున్న చిన్న గది ఉంది, ప్లాన్‌లో డ్రెస్సింగ్ అని రాసుంటుంది కదా అదే. దాన్ని మొత్తం బట్టల గది చేయించుకున్నాం. మూడు వైపులా తలుపుల్లేని అరలు, హ్యాంగర్ రాడ్లు, చివర గోడకి నిలువుటద్దం. కిటికీ లేదు. అంటే పగలైనా రాత్రైనా అందులో లైటే దిక్కు. ఈ గదికి లైట్లు రెండుసార్లు పెట్టించాం, మొదటి సెట్టు ఏడాదిన్నర తిరక్కుండానే పీకేయాల్సొచ్చింది, రెండోది పెట్టి ఇప్పటికి మూడున్నరేళ్ళు, రోజూ వాడుతున్నాం. హైదరాబాద్‌లో ఇప్పుడు కట్టే ఫ్లాట్లలో చాలామందికి ఇలాంటి గది వస్తోంది, ఇంటీరియర్ వాళ్ళు ఏది పెడితే అది ఉంచేసుకుంటున్నారు, మేమూ అదే చేశాం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మొదట్లో పెట్టినవి సీలింగ్‌కి నాలుగు కూల్ వైట్ లైట్లు, 6500కె అంటారే అవి (కె అంటే కెల్విన్, లైట్ రంగు కొలత, నంబర్ తక్కువైతే పసుపు వైపు, ఎక్కువైతే నీలం వైపు), అరల్లో వెనక గోడ మూలకి టేపులా అతికించే ఎల్ఈడీ స్ట్రిప్పులు. ఆన్ చేస్తే గది తెల్లగా మెరిసిపోయేది, చూసినవాళ్ళందరూ షోరూమ్‌లా ఉందన్నారు, నాకూ నచ్చింది. తేడా తెలిసింది మా చెల్లి పెళ్ళిలో. వంకాయ రంగు కంచి పట్టుచీర, దాని జాకెట్టు ముక్క పాడైపోతే విడిగా క్లాత్ కొని కుట్టించా. గదిలో అద్దం ముందు రెండూ ఒకటే రంగు, ఎంత దగ్గరగా పెట్టి చూసినా ఒకటే. పొద్దున ఎనిమిదింటికి కళ్యాణమండపం మెట్ల మీద నిలబడి ఫోటో దిగుతుంటే మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది, "వదినా, జాకెట్టు వేరేది వేసుకున్నావా?" అని. చూసుకుంటే చీర వంకాయ రంగే, జాకెట్టు మాత్రం కాఫీ పొడి రంగులోకి తిరిగిపోయింది. చెల్లి పెళ్ళి ఆల్బమ్‌లో ప్రతి ఫోటోలోనూ అదే ఉంటుంది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత తెలుసుకున్నది ఏంటంటే, రెండు బట్టలకి వేర్వేరు రకం అద్దకాలు వేసినప్పుడు ఒక లైట్ కింద రెండూ కలిసిపోయినట్టు కనపడి ఇంకో లైట్ కింద విడిపోతాయట. పట్టుకి వేసే రంగు వేరు, పాలిస్టర్ కలిసిన జాకెట్ క్లాత్‌కి వేసే రంగు వేరు. మన అమ్మావాళ్ళు చీరల కొట్లో "ఓసారి బయట వెలుగులో చూపించు బాబూ" అని గుమ్మం దాకా తీసుకెళ్ళి చూసేవాళ్ళు గుర్తుందా, అది చాదస్తం కాదు, నూటికి నూరుపాళ్ళు సరైన పని.

లైట్ రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పడానికి సీఆర్ఐ అని ఒక నంబర్ ఉంటుంది, 100కి ఎంత దగ్గరుంటే అంత మంచిది. మామూలుగా ఇళ్ళల్లో వాడే ఎల్ఈడీలు 80 దగ్గర ఉంటాయి. హాల్లో టీవీ చూస్కోడానికి అది చాలు, బట్టలకి చాలదు. ఇంకో మెలిక కూడా ఉంది, ఆ నంబర్‌ని ఎనిమిది లేత రంగుల శాంపిల్స్ మీద సగటు కట్టి చెప్తారు, ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేనే లేదు, దానికి ఆర్9 అని విడిగా ఇంకో నంబర్. మన ఇళ్ళల్లో పెళ్ళి చీరలు, పూజ చీరలు సగం ఎరుపూ మెరూనూ మిరపపండు రంగూ కుంకుమ రంగే కదా, సీఆర్ఐ 80 ఉండి ఆర్9 బాగా తక్కువున్న లైట్ కింద ఇవన్నీ మట్టి కొట్టుకుపోయినట్టు కనపడతాయి. మా పాత లైట్ల కింద జరిగింది అదే, నేనేమో చీరలు పాతబడిపోయాయనుకున్నా!

రెండోసారి కొనేటప్పుడు నేనే లైట్ల కొట్లుండే ట్రూప్ బజార్ వెళ్ళా. సంచిలో మూడు పెట్టుకెళ్ళా, ఆ వంకాయ చీర జాకెట్టుతో సహా, ఒక మిరపపండు రంగు చీర, నల్ల ప్యాంటూ నేవీ బ్లూ ప్యాంటూ మావారివి. కొట్టతను మొదట కాస్త వింతగా చూశాడు గానీ తర్వాత ఆయనే ఆసక్తిగా మూడు స్ట్రిప్ రోల్స్ విప్పి డ్రైవర్‌కి, అంటే స్ట్రిప్‌కి సరిపడేలా కరెంటు మార్చి ఇచ్చే చిన్న డబ్బాకి, తగిలించి కౌంటర్ మీద పక్కపక్కన పరిచాడు. కూల్ వైట్ కింద ప్యాంట్లు రెండూ నలుపే. వార్మ్ వైట్, అంటే 3000కె, దాని కింద కూడా తేడా పెద్దగా తెలీలేదు, పైగా జరీ మాత్రం అద్భుతంగా మెరిసింది, ఆ మెరుపుకి పడిపోయి కొనేసేవాళ్ళే ఎక్కువ అన్నాడాయన. మూడోది 4000కె, నేచురల్ వైట్, సీఆర్ఐ 90 పైన అని రోల్ మీద రాసుంది. దాని కింద పెట్టగానే నేవీ బ్లూ నీలంగా విడిపోయింది, జాకెట్టు కాఫీ రంగు బయటపడింది, ఎరుపు చీర మీద నుంచి బూడిద పొర తీసేసినట్టయింది. అక్కడే డిసైడ్ అయిపోయా. "మేడమ్, ఇలా బట్టలు తెచ్చుకుని ఎవరూ చూడరు" అన్నాడు. అందరూ తెచ్చుకుని చూడాలి, బాక్స్ మీద రాతని పూర్తిగా నమ్మలేం, మీ చీర మీద మీ కన్నే నమ్మాలి.

3000కె తప్పని అనను, చాలామందికి అదే ఇష్టం. కానీ రోజూ వాడితే ఇబ్బందేంటంటే తెలుపు, గంధం రంగు, హాఫ్ వైట్ మూడూ ఒకేలా కనపడతాయి, మావారి తెల్ల చొక్కా మీద కాలర్ దగ్గర పసుపు మరక కూడా కనపడదు. 6500కె కింద బంగారు జరీ పాలిపోయి వెండి జరీకి దగ్గరైపోతుంది. మధ్యలో ఉండే 4000కె నాకు సరిపోయింది. అద్దానికి మాత్రం మూడు రంగులు మారే లైట్ పెట్టించా, సాయంత్రం రిసెప్షన్‌కి వెళ్ళాలంటే అక్కడ అన్నీ పసుప్పచ్చ లైట్లే కాబట్టి ఓసారి వార్మ్‌లో కూడా చూసుకుని బయల్దేరతా. అద్దం లైట్ నిలువుగా రెండు పక్కలా, మొహం ఎత్తులో ఉండాలి, పైనుంచి మాత్రమే పడితే కళ్ళ కిందా గడ్డం కిందా నీడలు పడి బొట్టు కూడా సరిగ్గా పెట్టుకోలేం.

ఇక స్ట్రిప్ ఎక్కడ పెట్టాలన్నది. ఇంటీరియర్ వాళ్ళు ఫోటోలో బాగుంటుందని అర వెనక మూలకి పెడతారు. అర ఖాళీగా ఉన్నంతసేపు బాగుంటుంది, చీరలు దొంతర్లుగా పెట్టాక వెలుగంతా వెనకే ఉండిపోతుంది, మనకి కనపడే ముందు మడతలు చీకట్లో ఉంటాయి. మాకు ఏడాదిన్నర ఇదే బాధ. ఇప్పుడు ప్రతి అర పైచెక్కకి లోపలివైపు, ముందు అంచు దగ్గర, 45 డిగ్రీల మూల ప్రొఫైల్‌లో, అంటే సన్నటి అల్యూమినియం గాడిలో, స్ట్రిప్ పెట్టి లోపలికి తిప్పారు. వెలుగు మన కళ్ళలో కొట్టదు, సూటిగా మడతల మీద పడుతుంది. అడుగు అర కోసం వంగినప్పుడు మన నీడ కూడా అడ్డం రాదు. సీలింగ్ లైట్లు నాలుగింటిలో రెండే ఉంచా, అవి నడవడానికి.

స్ట్రిప్‌ని నేరుగా ప్లైవుడ్‌కి అతికించనివ్వకండి. మొదటిసారి అలాగే అతికించారు, ఒక్క ఎండాకాలంలో జిగురు వదిలేసి తోరణాల్లా వేలాడాయి. అల్యూమినియం ప్రొఫైల్ ఉంటే వేడి లాగేస్తుంది, స్ట్రిప్ ఎక్కువకాలం వస్తుంది, మీద పాలరంగు మూత ఉంటుంది కాబట్టి చుక్కలు చుక్కలుగా కనపడదు. మా అరలకి గ్లాసీ లామినేట్, ఆ చుక్కలన్నీ దాంట్లో ప్రతిబింబించి కళ్ళు చికాకుగా ఉండేవి. సీఓబీ స్ట్రిప్ అని వస్తోంది ఇప్పుడు, అందులో చిప్పులు చాలా దగ్గరదగ్గరగా ఉండి ఒకే గీతలా వెలుగుతుంది, మళ్ళీ చేయిస్తే అదే తీసుకుంటా.

12 వోల్ట్ కన్నా 24 వోల్ట్ తీసుకోండి. పాతది 12 వోల్ట్, పొడుగ్గా ఒకదానికొకటి కలుపుకుంటూ పోయారు, మొదటి అర ధగధగా, చివరి అర మసకమసకగా. ఇప్పుడు మొత్తం ఎనిమిది మీటర్ల స్ట్రిప్, మీటర్‌కి 10 వాట్లు, అంటే 80, డ్రైవర్ 100 వాట్లది పెట్టించా, అంచుల దాకా లోడ్ పెడితే త్వరగా పోతుందన్నాడు ఎలక్ట్రీషియన్ అన్న.

డ్రైవర్ గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే మాకు ఎక్కువ డబ్బు పోయింది దీని దగ్గరే. ఎల్ఈడీ లైట్లలో సాధారణంగా ముందు పోయేది డ్రైవరే. మాకు పని చేసిన కాంట్రాక్టర్ దాన్ని ఫాల్స్ సీలింగ్‌లో పెట్టి మూసేశాడు, తెరిచే మూత లేదు. పద్నాలుగు నెలలకి ఓ రాత్రి అరలన్నీ టపటపా కొట్టుకుని ఆరిపోయాయి. ఫోన్ చేస్తే వారంటీ స్ట్రిప్‌కే డ్రైవర్‌కి కాదన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. చిన్న డబ్బా మార్చడానికి జిప్సం బోర్డు కోసి, మళ్ళీ అతికించి, పుట్టీ పెట్టి, పెయింట్ వేయించాల్సొచ్చింది, బట్టలన్నీ వారం రోజులు హాల్లో సోఫాల మీద కుప్పలు. అప్పుడే మొత్తం మార్చేద్దామని నిర్ణయించుకున్నాం. ఇప్పుడు డ్రైవర్ లాఫ్ట్‌లో పక్క గోడకి ఉంది, గాలి ఆడుతుంది, స్టూల్ ఎక్కితే చెయ్యి అందుతుంది. మూడున్నరేళ్ళలో ఒక్కసారి మార్చాం, పావుగంట పని.

సెన్సర్ పెట్టించుకున్నందుకు మాత్రం చాలా సంతోషంగా ఉంది. చేతిలో మడతపెట్టిన బట్టల బొత్తి ఉంటుంది, స్విచ్ ఎక్కడ వేస్తాం? గుమ్మం పైన పెట్టిన పీఐఆర్ సెన్సర్ మనిషి ఒంటి వేడి కదలికని పట్టుకుని వెలిగిస్తుంది. మొదట దాని టైమ్ ముప్పై సెకన్లకి ఉంది, చీర కుచ్చిళ్ళు పోసుకుంటూ అద్దం ముందు నిలబడితే ఠక్కున చీకటి, కుచ్చిళ్ళు వేళ్ళ మధ్య పట్టుకునే చెయ్యి ఊపాలి. సెన్సర్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి ఐదు నిమిషాలకి పెట్టాం, ఆ బాధ పోయింది. పిల్లలు లైట్ వేసి వదిలేసి పోవడం కూడా పోయింది. ఇది కరెంటు కోసం చెప్పట్లేదు, అన్నీ కలిపి రోజుకో గంట వెలిగినా నెలకి మూడు యూనిట్ల దగ్గరే ఉంటుంది. పట్టుబట్టల కోసం చెప్తున్నా. ఎల్ఈడీలో అల్ట్రావయొలెట్ దాదాపు ఉండదు గానీ మామూలు వెలుగు కూడా ఏళ్ళ తరబడి పడితే రంగు వెలుస్తుంది, మ్యూజియంలలో పాత బట్టలు పెట్టేచోట వెలుగుని సాధారణంగా 50 లక్స్ (వెలుగు ఎంత పడుతోందో చెప్పే కొలత) దాటనివ్వరు, అందుకే ఆ గదులు అంత మసకగా ఉంటాయి. మా అత్తయ్య గారి పెళ్ళి గద్వాల్ చీర పైఅరలో ఉంది, దాన్ని మల్లు గుడ్డలో చుట్టే ఉంచుతా, లైట్ దాని మీద పడదు.

మావారికి నైట్ షిఫ్టులు, తెల్లవారుజామున వచ్చి బట్టలు మార్చుకుంటారు. ఆ టైమ్‌లో గదంతా వెలిగితే మంచం మీదకి పడి పిల్లాడు లేచేవాడు. హ్యాంగర్ రాడ్ కింద ఒక్క మీటర్ వార్మ్ స్ట్రిప్ విడిగా, వేరే స్విచ్‌తో పెట్టించా, ఆయన అది వేసుకుంటారు. నాకు ఈ గదిలో అన్నిటికన్నా విలువైనది అదే అనిపిస్తుంది, ఖర్చు కూడా అతి తక్కువ దానికే.

మొత్తం పదమూడు వేల దాకా అయింది, స్ట్రిప్పులు, ప్రొఫైళ్ళు, డ్రైవర్, సెన్సర్, కూలీ కలిపి, అద్దం లైట్ వేరే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఇంత పెట్టక్కర్లేదు, ఛార్జింగ్ పెట్టుకునే సెన్సర్ లైట్లు దొరుకుతాయి, అయస్కాంతంతో అతుక్కుంటాయి, లాఫ్ట్‌లో నేనూ రెండు వాడుతున్నా. కొత్తలో మూడు వారాలు వచ్చేది ఛార్జింగ్, ఏడాది దాటాక వారమే వస్తోంది. రంగు చూసుకోడానికి మాత్రం అవి పనికిరావు, వస్తువు వెతుక్కోడానికే.

కొనేటప్పుడు ఇంకోటి, ఫోన్ కెమెరా ఆన్ చేసి వెలుగుతున్న లైట్ వైపు పెట్టండి, స్క్రీన్ మీద నల్లటి చారలు జారుతూ కనపడితే అది మినుకుమినుకుమంటున్నట్టు, మన కంటికి తెలీకపోయినా కొందరికి కాసేపటికి తలనొప్పి తెప్పించొచ్చు.

మిగిలిపోయింది ఒకటే, కింద చెప్పుల అర. అక్కడ ముందు అంచున ప్రొఫైల్ పెడితే ఊడ్చేటప్పుడు చీపురు తగులుతోంది, రెండుసార్లు మూత ఊడొచ్చింది. చెక్కలో గాడి తీసి లోపలికి దించేస్తానన్నాడు కార్పెంటర్, దసరా అయ్యాక వస్తాడు.