చవక ఐడీలు, సగం ధర టాప్‌అప్‌లు, సెకండ్‌హ్యాండ్ కన్సోళ్లు: డబ్బు పంపే ముందు బ్యాన్ ఎక్కడుందో చూసుకోండి

"లెవెల్ 72, గ్లేసియర్ ఎం416, ట్విట్టర్ సింగిల్ లాగిన్, మెయిల్‌తో సహా ఫుల్ యాక్సెస్, ఫిక్స్‌డ్ రేటు, టైంపాస్ గాళ్లు మెసేజ్ చెయ్యొద్దు."

ఐడీ, అంటే గేమ్ ఖాతా, అమ్ముతామంటూ టెలిగ్రాం గ్రూపుల్లో, ఇన్‌స్టా స్టోరీల్లో ఇలాంటి ప్రకటనలు రోజూ కనిపిస్తాయి (గ్లేసియర్ ఎం416 అంటే బీజీఎంఐ గేమ్‌లో తుపాకీకి వేసే అరుదైన అలంకరణ). కొన్న వారం రోజులు ఐడీ చక్కగా నడుస్తుంది. ఆ తర్వాత ఒక రోజు పాస్‌వర్డ్ తప్పంటుంది, లేదా ఖాతా సస్పెండ్ అయిందని తెర మీద నోటీసు పడుతుంది. అమ్మినవాడికి మెసేజ్ పెడితే ఒక్క టిక్కే వస్తుంది. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ రకం బేరాల్లోనే. ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే ముందే తప్పుకోవచ్చు.

బ్యాన్ అంటే అంతా ఒకటే అనుకోవడంతోనే పొరపాటు మొదలవుతుంది. ఖాతా మీద పడే బ్యాన్ వేరు, పరికరం మీద పడేది వేరు, డబ్బు గొడవ వల్ల ఖాతాకు పడే తాళం వేరు. నోటి దురుసుతో మాట్లాడినందుకు కొన్నాళ్ల పాటు చాట్ ఆపేసే శిక్ష ఇంకోటి. ఈ చివరిది పెద్దగా భయపడాల్సింది కాదు. ఎక్స్‌బాక్స్‌లో 2023 ఆగస్టు నుంచి దీనికి స్ట్రైకుల లెక్క ఉంది: ఒక స్ట్రైకుకు ఒక రోజు, ఎనిమిదికి చేరితే ఏడాది పాటు చాట్, పార్టీ లాంటివన్నీ బంద్. ఒక్కో స్ట్రైకు ఆరు నెలలు రికార్డులో ఉంటుంది. ఆ శిక్ష నడుస్తున్నా కొన్న గేములు ఆడుకోవచ్చు. కొనేవాళ్ల జేబుకు చిల్లు పెట్టేవి మాత్రం మొదటి మూడు.

ముందు ఖాతా సంగతి. స్టీమ్ (పీసీ గేముల ఆన్‌లైన్ దుకాణం) అయినా, ప్లేస్టేషన్ అయినా, బీజీఎంఐ (పబ్‌జీ మొబైల్ భారత రూపం) అయినా ఖాతాను ఇంకొకరికి అమ్మకూడదని నిబంధనల్లోనే ఉంటుంది. కాబట్టి మీకు అమ్మింది ఖాతా కాదు, ఈ రోజుకి పనిచేసే పాస్‌వర్డ్. స్టీమ్ సపోర్టు దృష్టిలో అసలు ఓనరెవరో తేల్చేది ఖాతా తెరిచినప్పటి మెయిల్, మొదట్లో గేమ్ కొన్న కార్డు వివరాలు, డబ్బా మీది సీడీ కీ లాంటివి. మీరు మెయిల్ మార్చండి, ఫోన్ నంబర్ మార్చండి, స్టీమ్ గార్డ్ (లాగిన్‌కు అదనపు కోడ్ అడిగే భద్రత) మీ ఫోన్లో పెట్టుకోండి, పాత కొనుగోలు రసీదు మాత్రం అమ్మినవాడి దగ్గరే ఉంటుంది. "నా ఖాతా ఎవరో కొట్టేశారు" అని ఆ రసీదుతో సపోర్టుకు ఒక్క టికెట్ (ఫిర్యాదు) వేస్తే చాలు, ఐడీ మళ్లీ వాడి చేతికే పోతుంది. మరుసటి రోజు అదే ఐడీ ఇంకో గ్రూపులో అమ్మకానికి వస్తుంది. "మెయిల్‌తో సహా ఇస్తా" అన్నా ఇదే కథ. ఆ మెయిల్‌కు రికవరీ నంబర్ ఎవరిదో, అదే మొదటి మెయిలో కాదో మీరు తేల్చుకోలేరు. రెండు వేర్వేరు ఖాతాలతో తెరుచుకునే డబుల్ లాగిన్ ఐడీ అయితే వాడి దగ్గర రెండో తాళంచెవి కూడా ఉన్నట్టే.

ఇలా పోయాక చాలామంది సపోర్టుకు "నేను ఫలానా వాడి దగ్గర కొన్నాను, ఇదిగో ఫోన్‌పే స్క్రీన్‌షాట్" అని రాస్తారు. దాంతో నిబంధన తప్పినట్టు మీ చేత్తో మీరే రాసిచ్చినట్టవుతుంది. ఐడీ తిరిగి రాదు సరికదా, పూర్తిగా లాక్ చేసేందుకు వాళ్లకు కారణం దొరుకుతుంది. అబద్ధం రాయమని కాదు చెప్పేది. అసలా పరిస్థితికి వెళ్లకపోవడమే దారి.

కౌంటర్‌స్ట్రైక్ ఐడీ కొనేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. అమ్మేవాడు ప్రొఫైల్ చూపిస్తాడు, బ్యాన్ గీత ఏమీ ఉండదు, శుభ్రంగా ఉంటుంది. కానీ స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీకి వ్యాక్ అనే నిఘా వ్యవస్థ ఉంది, అది చీట్‌ను (ఆటలో మోసం చేసే సాఫ్ట్‌వేర్‌ను) పట్టుకున్న క్షణమే బ్యాన్ వెయ్యదు, కొంత ఆలస్యం చేసి గుంపుగా వేస్తుంది. చీట్ రాసినవాడికి ఏ మార్పుతో దొరికిపోయాడో తెలియకూడదని ఆ పద్ధతి. అంటే నిన్నటిదాకా వాల్‌హ్యాక్ (గోడల అవతలివాళ్లను చూపించే చీట్) పెట్టి ఆడిన ఐడీ ఈ రోజు శుభ్రంగానే కనిపిస్తుంది, ఎల్లుండి మీ చేతిలో పేలుతుంది. వాడు అంత చవగ్గా ఎందుకు అమ్ముతున్నాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వాల్వే పొరపాటున వేస్తే తప్ప వ్యాక్ బ్యాన్ శాశ్వతం. స్టీమ్ సపోర్టు కూడా తీసెయ్యదు. ఆ ఐడీలో వేరే గేములు నడుస్తాయి గానీ బ్యాన్ పడిన గేమ్‌లో రక్షిత సర్వర్లన్నీ మూతపడతాయి.

స్టీమ్ ఫ్యామిలీ (ఇంట్లోవాళ్లు ఒకరి గేములు ఒకరు ఆడుకునే ఏర్పాటు) పెట్టుకున్నవాళ్లు కూడా ఇది గమనించాలి. ఆరుగురి దాకా చేరవచ్చు. మీ లైబ్రరీలోని గేమ్‌ను మీ తమ్ముడో, రూమ్మేటో చీట్‌తో ఆడి దొరికితే బ్యాన్ ఆ గేమ్ ఓనర్‌కీ పడుతుంది. డబ్బులు తీసుకుని ముక్కూమొహం తెలియనివాళ్లకు ఫ్యామిలీ స్లాట్ అమ్మేవాళ్లున్నారు. ఇలాంటి స్లాట్ కొనడం ఎంత తెలివితక్కువో, అమ్మడం అంతకన్నా.

ఇక సగం ధరకు యూసీ, డైమండ్లు (గేమ్ లోపల ఖర్చుపెట్టే డబ్బు), గిఫ్ట్ కార్డులు. గేమ్ లోపల ఉన్న రేటు కన్నా అయిదో పదో శాతం తగ్గితే ఏదో క్యాష్‌బ్యాక్ అనుకోవచ్చు. సగానికి సగం తగ్గిందంటే డబ్బు ఎవరిదో ఆలోచించండి. ఎక్కువసార్లు జరిగేది ఇదీ: దొంగిలించిన కార్డుతో మీ ఐడీకి టాప్‌అప్ చేస్తారు. మీ డబ్బు యూపీఐలో వాడికి పోతుంది. కొన్నాళ్లకు అసలు కార్డుదారు బ్యాంకులో ఫిర్యాదు చేస్తాడు, లావాదేవీ వెనక్కి తిరుగుతుంది. ఇలా వెనక్కి తిరిగిన కొనుగోళ్ల జాబితా గూగుల్ ప్లే నుంచి గేమ్ కంపెనీకి నేరుగా అందే ఏర్పాటు ఉంది. కంపెనీ యూసీ వెనక్కి లాక్కుంటుంది. మీరు అప్పటికే ఆ యూసీతో క్రేట్లు (బహుమతి పెట్టెలు) తెరిచేసి ఉంటే నిల్వ మైనస్‌లోకి పోతుంది, దాని వెనకే ఐడీ సస్పెండ్. కార్డు దొంగ ఎవరో మీకు తెలియదు, కంపెనీకి కనిపించేది మీ ఐడీ ఒక్కటే. "లాగిన్ ఇవ్వండి, మేమే లోపలికెళ్లి టాప్‌అప్ చేస్తాం" అంటే అక్కడే ఆపెయ్యండి. సక్రమమైన టాప్‌అప్‌కు క్యారెక్టర్ ఐడీ అంకెలు చాలు, పాస్‌వర్డ్‌తో, ఓటీపీతో పనిలేదు.

అమెరికా నుంచి తిరిగొచ్చిన పిల్లల ప్లేస్టేషన్ ఖాతాల్లో ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. ఆ ఖాతా దేశం ఎప్పటికీ మారదు, మన కార్డులు అక్కడి స్టోరులో సరిగా నడవవు, కాబట్టి డాలర్ గిఫ్ట్ కార్డుల కోసం వెతుకుతారు. పేరున్న దుకాణంలో కొనండి, బిల్లు దాచుకోండి. ఫేస్‌బుక్‌లో వచ్చిన కోడ్ వద్దు.

మీరే కొన్న గేమ్ నచ్చలేదనో, రీఫండ్ ఇవ్వలేదనో బ్యాంకుకు ఫోన్ చేసి డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) పెట్టడం మరో తప్పు. బ్యాంకు మీ డబ్బు వెనక్కి ఇవ్వొచ్చు. కానీ ప్లేస్టేషన్ దాన్ని మీ అప్పుగా రాసుకుని ఆ బాకీ తీరేదాకా ఖాతా సస్పెండ్ చేస్తుంది. స్టీమ్ కూడా అంతే, తేలేదాకా తాళం. మూడు వేల గేమ్ కోసం ముప్పై వేల లైబ్రరీ ఇరుక్కుంటుంది. ముందు వాళ్ల రీఫండ్ దారిలో వెళ్లండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే పెద్దగా అడక్కుండానే ఇస్తారు. కార్డు నిజంగా ఎవరో వాడేసినప్పుడే బ్యాంకు దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు చేతికి దొరికే సామాను గురించి. ఇక్కడ కాస్త ఓపిక పెడితే మోసాన్ని నిజంగా ఆపవచ్చు, ఎందుకంటే పరికరం బ్యాన్‌ను డబ్బు ఇచ్చే ముందే కళ్లారా చూడొచ్చు.

సెకండ్‌హ్యాండ్ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) చూడ్డానికి వెళ్తే అమ్మేవాడి వైఫై మీద ఆధారపడకండి, మీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అక్కడ కనెక్షన్ స్టేటస్, టెస్ట్ ఇంటర్నెట్ కనెక్షన్ నొక్కండి. వచ్చే వరుసల్లో ఐపీ అడ్రస్, ఇంటర్నెట్ కనెక్షన్ రెండూ సక్సెస్ అని ఉండి, ప్లేస్టేషన్ నెట్‌వర్క్ సైన్‌ఇన్ దగ్గర మాత్రం ఫెయిల్ అంటే అనుమానించండి. "సర్వర్ డౌన్ అన్నా, ఇంటికెళ్లి చూడండి, వచ్చేస్తుంది" అంటాడు. సర్వర్ స్థితి పేజీ ఉంటుంది, మీ ఫోన్లో తెరిచి అక్కడే చూసుకోండి. ఈ పరీక్షకు మీ అసలు ఖాతా వాడకండి, ముందురోజే కొత్తది ఒకటి తెరిచి పెట్టుకోండి. సైన్‌ఇన్ అయితే స్టోరు తెరిచి ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేమ్ డౌన్‌లోడ్ మొదలయ్యేదాకా చూడండి. వెనక ఉన్న సీరియల్ నంబర్, డబ్బా మీది, బిల్లు మీది మూడూ కలవాలి. అమ్మేవాడి ఖాతా తీయించి, మీ ఎదుటే రీసెట్ చేయించండి. "ఇందులో ఇరవై గేములున్నాయి, రీసెట్ చేస్తే పోతాయి" అంటే ఆ గేములు వాడి ఖాతావి, ఎప్పుడైనా పోయేవే. వాటికి రూపాయి కూడా ఎక్కువివ్వకండి.

స్విచ్ కన్సోళ్లు చేసే నింటెండో వాటిని మన దేశంలో అధికారికంగా అమ్మదు, అన్నీ దిగుమతి సరుకే, గోడు వినేవాళ్లు దగ్గర్లో ఉండరు. స్విచ్‌లో ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) తెరవండి. పాత స్విచ్‌లో 2124-4007, స్విచ్ 2లో 2124-4508 కోడ్ వస్తే ఆ యంత్రం ఆన్‌లైన్ సేవల నుంచి వెలివేసినట్టే, బేరం వదిలి బయటికి రండి. 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చిన కొద్ది రోజులకే మిగ్ ఫ్లాష్‌కార్ట్ (కాపీ గేములు నడిపే కార్డు) పెట్టినవాళ్ల యంత్రాలు ఇలా ఆగిపోయాయి. వాటిలో కొన్ని మార్కెట్లోకి రాకుండా ఉంటాయా? వాడిన గేమ్ కార్డులతోనూ తంటా ఉంది. ప్రతి కార్డులో దానికే ప్రత్యేకమైన గుర్తింపు ఉంటుంది. పాత ఓనర్ దాన్ని కాపీ చేసి పెట్టుకుంటే ఒకే గుర్తింపు రెండు చోట్ల కనిపిస్తుంది, శిక్ష మీకూ పడవచ్చు. కార్డు రెండు వైపులా ఫోటో, అమ్మకపు ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు దాచండి. సపోర్టుకు చూపించడానికి ఉన్న ఆధారం అదొక్కటే.

పాత పీసీ లేదా ఒక్క మదర్‌బోర్డు కొనేవాళ్లు వాలొరాంట్ ఆడేవాళ్లైతే వ్యాన్ 152 అన్న ఎర్రర్ గుర్తుంచుకోండి. ఆ గేమ్ చేసిన రయట్ వాళ్ల వ్యాన్‌గార్డ్ (చీట్లను పట్టే సాఫ్ట్‌వేర్) ఆ హార్డ్‌వేర్‌నే బ్యాన్ చేసిందని అర్థం. విండోస్ మళ్లీ ఎక్కించినా, ఎస్ఎస్‌డీ మార్చినా పోదు. మామూలుగా నాలుగు నెలలు ఉంటుంది. వ్యాన్ 9001, 9003 వస్తే మాత్రం కంగారు వద్దు, అవి బ్యాన్ కాదు. టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు ఆఫ్‌లో ఉన్నాయని అర్థం, బయోస్‌లోకి (పీసీ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి ఆన్ చేస్తే సరి. ఈ రెంటికీ తేడా తెలియక మంచి పీసీని తిప్పి పంపినవాళ్లూ ఉన్నారు, బ్యాన్ పీసీని "బయోస్ సెట్టింగే బ్రో" అంటే నమ్మి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఫోన్లకూ ఇదే వర్తిస్తుంది. చీట్ వాడిన ఫోన్‌నే బ్యాన్ చేసే పద్ధతి బీజీఎంఐలో ఉంది, పాత ఫోన్ కొనేటప్పుడు గేమ్ ఎక్కించి కొత్త ఐడీతో లాబీ దాకా వెళ్లి చూడండి.

తప్పు చెయ్యకుండా బ్యాన్ పడదా అంటే, పడుతుంది. 2010లో మోడర్న్ వార్‌ఫేర్ 2లో దాదాపు 12,000 మందికి వాల్వ్ పొరపాటున వ్యాక్ బ్యాన్ వేసి, తర్వాత తీసేసి లెఫ్ట్ 4 డెడ్ 2 ఉచితంగా ఇచ్చింది. 2023 అక్టోబరులో ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్‌లోని యాంటీలాగ్ ప్లస్ (ఆటలో ఆలస్యం తగ్గించే సదుపాయం) ఆన్ చేసినవాళ్లకు కౌంటర్‌స్ట్రైక్ 2లో బ్యాన్లు పడ్డాయి, ఏఎండీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది. రెండుసార్లూ సరిదిద్దింది కంపెనీయే. మధ్యలో "అయిదు వేలివ్వండి, లోపల మనవాళ్లున్నారు, అన్‌బ్యాన్ చేయిస్తాం" అన్నవాళ్లు ఎవరి బ్యాన్నూ తియ్యలేదు. ఐడీ పోయినవాళ్లను వెతికి మరీ రెండోసారి దోచుకునే రకం వీళ్లు. టికెట్ మీరే రాయండి. నోటీసులోని మాటలు, కోడ్ ఉన్నదున్నట్టు, తేదీ, ఆ వారంలో కొత్తగా ఎక్కించిన డ్రైవర్లు, ఓవర్‌లే సాఫ్ట్‌వేర్లు (గేమ్ తెర మీదే కనిపించేవి) రాయండి. ఒక టికెట్టే వెయ్యండి, రోజుకొకటి వేస్తే వరసలో వెనక్కే పోతారు.

  

డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే గంటలు లెక్కపెట్టుకోండి. చాట్, ప్రకటన, అమ్మినవాడి ప్రొఫైల్ లింకు స్క్రీన్‌షాట్లు వాడు బ్లాక్ చెయ్యక ముందే తీయండి. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిచి 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీ గుర్తింపు) రాసుకోండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఆ నంబర్, మొత్తం, సమయం చెప్పండి. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా కదలకుండా ఉంటే ఆపించే వీలుంటుంది, చేతులు మారిపోతే కష్టం. తర్వాత జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి రసీదు నంబర్ దాచుకోండి. కన్సోల్‌ను బిల్లుతో దుకాణంలో కొని ఉంటే 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ ఐడీకి మీ కార్డు, మీ మెయిల్ ఏవైనా జోడించి ఉంటే అదే రోజు తీసెయ్యండి, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడుతున్నా మార్చండి.