కోనసీమ తీరానికి కాపలా: హెరానా, సీ గార్డియనా?

మిలిటరీ డ్రోన్ అనగానే ముందు అడిగేది ఎన్ని క్షిపణులు మోస్తుందని. అంతర్వేది నుంచి కాకినాడ దాకా ఉన్న తీరానికి ఆ లెక్క దాదాపు అనవసరం. ఎక్కణ్ణుంచి లేస్తుంది, ఎంతసేపు మన నెత్తిన ఉంటుంది, మబ్బు పట్టినప్పుడు ఏం చూస్తుంది అన్నవే ఇక్కడ తేలాలి.

ముందు దూరం సంగతి. నేవీ 2020లో లీజుకి తెచ్చిన రెండు సీ గార్డియన్లు (అమెరికా డ్రోన్లు) తమిళనాడులోని అరక్కోణం నుంచి ఎగిరేవి. అక్కణ్ణుంచి కాకినాడకి గాల్లో 500 కి.మీ. పైమాటే. ఇజ్రాయెల్ డ్రోన్ హెరాన్‌ది 115 హార్స్‌పవర్ రోటాక్స్ పెట్రోలు ఇంజను. అదీ అరక్కోణం నుంచే గంటకి 120 కి.మీ. చొప్పున వస్తే రాకకే నాలుగు గంటలు దాటుతాయి, పోకకి మరో నాలుగు. గాల్లో ఉండగలదని కాగితం మీద రాసిన 45 గంటలు బరువు తక్కువున్నప్పటి మాట కూడాను. సీ గార్డియన్‌ది 900 హార్స్‌పవర్ టర్బోప్రాప్ (టర్బైనుతో ప్రొపెల్లర్ తిప్పే ఇంజను), రెండు గంటల్లోపే వచ్చేస్తుంది. అదే హెరాన్‌ని విశాఖ నుంచి లేపితే కాకినాడ 130 కి.మీ. మాత్రమే, వేగంలో తేడా పెద్దగా బాధించదు. హైదరాబాదులో దృష్టి-10 పేరుతో తయారయ్యే హెర్మిస్-900 కూడా ఇంచుమించు హెరాన్ తరగతే కాబట్టి విడిగా చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు డ్రోనుని నేల మీంచి నడిపే రేడియో లింకులో ఉంది. నేల మీది యాంటెనాకీ డ్రోనుకీ మధ్య భూమి వంపు అడ్డొస్తుంది. 10,000 అడుగుల ఎత్తున రేడియో లింకు సుమారు 225 కి.మీ. అందుతుంది. అంటే విశాఖ నుంచి కాకినాడ సులువే, అంతర్వేది మాత్రం అంచున వేలాడుతుంది. ఓ బోటుని దగ్గరగా చూద్దామని 3,000 అడుగులకి దింపారా, లింకు 125 కి.మీ.కి కుంచించుకుపోయి కాకినాడే చేజారుతుంది. ఉపగ్రహ లింకు బిగించని హెరాన్ ఈ తీరానికి సగం హెరానే.

బోట్ల విషయంలో సీ గార్డియన్‌ది పైచేయి. పొట్ట కింద రాడార్ చుట్టూ 360 డిగ్రీలు తిరిగి చూస్తుంది. అయినా ఫైబర్ బోటు రాడార్‌కి సరిగా దొరకదు, అలల గజిబిజిలో కలిసిపోతుంది. రాత్రిపూట వేడి ఇంజనుని పట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాయే దిక్కు.

వరదలప్పుడు ఏ డ్రోనైనా ఒకే పొరపాటు చేస్తుంది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులతో మూడో హెచ్చరిక పడే రోజుల్లో మబ్బు కిందికి దిగొచ్చి కెమెరాని గుడ్డిది చేస్తుంది. మబ్బుని దాటి చూసే సింథటిక్ అపర్చర్ రాడార్‌లో నిలకడ నీరు నల్లగా పడుతుంది, కిరణం వెనక్కి రాకుండా అవతలికి జారిపోతుంది కాబట్టి. అప్పుడే ఊడ్పులైన చేలూ అంతే నల్లగా ఉంటాయి. వరదకి ముందు తీసిన బొమ్మ పక్కన లేకపోతే లంక మునిగిందో, చేలో నీళ్లు పెట్టారో తేల్చలేం.

ఇక సంఖ్య. 2024 సెప్టెంబర్ 18న లీజు సీ గార్డియన్లలో ఒకటి సాంకేతిక లోపంతో చెన్నై దగ్గర సముద్రంలో దిగింది. రెండున్నచోట ఒకటి పోతే సగం కాపలా పోయినట్టే. ఆ అక్టోబర్‌లో 31 ఎంక్యూ-9బీల (సీ గార్డియన్ ఈ రకమే) కోసం దాదాపు 32,000 కోట్ల ఒప్పందమైంది. వాటిలో 15 నేవీవి. అంత ఖరీదైన దాన్ని రోజూ హోప్ ఐలాండ్ చుట్టూ తిప్పడం దండగ. ఆ పనికి విశాఖ నుంచి లేచే, ఉపగ్రహ లింకున్న హెరాన్లే మేలు. గాడిమొగకి గ్యాసొచ్చే సముద్ర బావుల అవతల జలాంతర్గామి ఉందని అనుమానమొస్తే మాత్రం, నీళ్లలో చప్పుడు వినే సోనోబాయ్‌లు జారవిడవగల సీ గార్డియన్‌నే పిలవాలి.