న్యూయార్క్ లైంగిక నేరస్థుల జాబితా: లెవెల్ అంకె వెనకున్న లెక్క

క్వీన్స్‌లో అద్దె ఇల్లు వెతుక్కుంటున్న రోజుల్లో, ఏ ఇల్లు చూడబోయినా ముందుగా న్యూయార్క్ రాష్ట్రం నడిపే లైంగిక నేరస్థుల జాబితా తెరిచి ఆ జిప్ కోడ్ కొట్టి చూడడం నాకు అలవాటైంది. సేవ ఉచితం, వాడడం తేలిక. పేరుతో గానీ కౌంటీతో గానీ వెతికినా ఫొటో, శిక్ష పడిన నేరం, లెవెల్ (మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎంతో చెప్పే 1 నుంచి 3 వరకు అంకె; 3 అంటే ఎక్కువ ప్రమాదం) కనిపిస్తాయి. అయితే ఆ లెవెల్ ఎలా వచ్చిందో తెలియకపోతే మనకు కలిగే భయమూ ధీమా రెండూ తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

1996 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, జైలు నుంచి విడుదల కాబోయే వ్యక్తి విషయంలో ఒక బోర్డు 15 అంశాల పత్రంలో పాయింట్లు వేసి సిఫారసు మాత్రమే చేస్తుంది; విచారణ జరిపి లెవెల్ నిర్ణయించేది జడ్జి. మొత్తం 70 పాయింట్ల వరకు లెవెల్ 1, 75 నుంచి 105 వరకు లెవెల్ 2, 110 గానీ అంతకు మించి గానీ వస్తే లెవెల్ 3. ప్రతి పాయింటుకూ ఆధారమైన విషయాన్ని ప్రాసిక్యూషన్ స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో రుజువు చేయాలి. పత్రం పట్టించుకోని ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయనిపిస్తే జడ్జి లెవెల్‌ను పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఇది నాకు నచ్చింది, ఎందుకంటే మనిషిని కూడికల లెక్కకు పూర్తిగా వదిలేయలేదు.

నన్ను కలవరపెట్టింది ఆ పత్రంలోని ఏడో అంశం. బాధితులకు నేరస్థుడు అపరిచితుడైతే 20 పాయింట్లు పడతాయి. బాబాయో మేనమామో అయితే ఆ గడిలో సున్నా. ఈ లెక్క చుట్టుపక్కల వాళ్లకు చెప్పాల్సిన అవసరం ఎంతన్నది తేల్చడానికే తప్ప నేరం ఎంత ఘోరమైనదో కొలవడానికి కాదని అర్థం చేసుకున్నాను. అయినా పిల్లలపై జరిగే అఘాయిత్యాల్లో ఎక్కువ భాగం తెలిసినవాళ్లే చేస్తారన్నది తెలిసిన విషయమే. అలాంటి మనిషికి లెవెల్ 1 వస్తే పేరు వెబ్‌సైట్‌లో అసలు కనిపించదు, ఎందుకంటే అక్కడ ఉండేవి లెవెల్ 2, 3 పేర్లే. లెవెల్ 1 వాళ్ల గురించి తెలుసుకోవాలంటే రాష్ట్రం ఇచ్చిన ఫోన్ నంబరుకు చేసి, పేరుతో పాటు పూర్తి చిరునామానో పుట్టిన తేదీనో చెప్పాలి. జిప్ కోడ్‌తో వెతికి ఎవరూ లేరని ఊపిరి పీల్చుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో చెప్పి తీరాలి.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు మన దగ్గర ఇలాంటిది లేదా అని అడిగింది. 2018 సెప్టెంబరులో మొదలైన జాతీయ డేటాబేస్ ఉంది కానీ, దాన్ని చూడగలిగేది పోలీసులు, దర్యాప్తు సంస్థలే.

ఈ జాబితా ఇప్పటికీ వాడుతున్నాను. కాకపోతే పేరు తెరవగానే ముందు లెవెల్ అంకె చూడడం మానేసి, కిందికి వెళ్లి బాధితుల వయసు, వాళ్లతో ఆ వ్యక్తికి ఉన్న పరిచయం గురించి రాసిన వరుస చదువుతున్నాను.