గుట్ట వాలుపై కట్టడాల అదుపు: డిగ్రీల లెక్క మేలా, హద్దు గీత మేలా, తవ్వకానికి అనుమతి మేలా?

గుట్ట పాదంలో 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న రెండు వందల గజాల ప్లాటును తీసుకుందాం. నేల ప్రతి నాలుగు అడుగులకు ఒక అడుగు చొప్పున లేస్తే, ముందు అంచుకూ వెనుక అంచుకూ మధ్య 15 అడుగుల తేడా వస్తుంది. చదును చేయాలంటే వెనుక ఏడున్నర అడుగుల లోతున తవ్వి, తవ్వి తీసిన మొరాన్నే (గరుకు మట్టినే) ముందు వైపు ఏడున్నర అడుగుల ఎత్తున పోయాలి. ఇల్లు సగం గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద నిలబడుతుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక పోసిన సగం కుంగి, గోడ మీద ఏటవాలుగా బీట తేలుతుంది. వెనుక ఉన్న నిలువు కోత మాత్రం ఆ ఇంటికే కాక, పైనున్న ప్లాటుకు కూడా ప్రమాదమే.

ఇలాంటి పనిని అదుపు చేయడానికి మూడు దారులున్నాయి. వాలు ఇన్ని డిగ్రీలు దాటితే కట్టకూడదనడం ఒకటి. గుట్ట చుట్టూ గీత గీసి, దాని లోపల ఏదీ ముట్టకూడదనడం రెండోది. ఇంటి అనుమతికి ముందే, నేలను తవ్వడానికీ పూడ్చడానికీ వేరుగా అనుమతి తీసుకోవాలనడం మూడోది. వరంగల్, కరీంనగర్ ప్రాంతపు గుట్టలకు వీటిలో ఏది సరిపోతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

డిగ్రీల లెక్క చూడడానికి తేలిక. హిమాచల్ ప్రదేశ్ వంటి కొండ రాష్ట్రాల్లో 45 డిగ్రీలు దాటిన వాలుపై కట్టకూడదన్న తరహా నిబంధనలు ఉన్నాయి. అయితే అంకెను ఎక్కడ కొలుస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. వంద అడుగుల స్థలంలో మొదటి 60 అడుగులు పది అడుగులే లేచి, చివరి 40 అడుగులు ముప్ఫై అడుగులు లేచిందనుకుందాం. సగటు వాలు 22 డిగ్రీల లోపే ఉంటుంది. వెనుక భాగం మాత్రం దాదాపు 37 డిగ్రీలు. పరిమితి 30 అయితే, సగటు చూపించి మొత్తం స్థలానికి అనుమతి తెచ్చుకోవచ్చు.

అంతకంటే పెద్ద ఇబ్బంది మన గుట్టల స్వభావంలోనే ఉంది. ఇవి వరుస పర్వతాలు కావు, మైదానంలో విడివిడిగా లేచిన గ్రానైటు గుట్టలు. రాయి పగుళ్ల వెంట నీరు దిగి, చుట్టూ ఉన్న భాగం మొరంగా మారగా, లోపలి గట్టి ముద్ద గుండుగా మిగులుతుంది. మడికొండ మెట్టుగుట్ట మీద రాయి మీద రాయి పేర్చినట్టు నిలబడిన స్తంభాలను చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. గుండును పట్టి ఉంచేది దాని కింది మొరమే. పాదం దగ్గర వాలు పది డిగ్రీలే ఉండవచ్చు, కానీ అక్కడ తవ్విన తవ్వకం యాభై అడుగుల పైనున్న గుండు కాళ్ల కింది నుంచి నేలను లాగేస్తుంది. విజయవాడ మొగల్రాజపురంలో 2024 ఆగస్టు 31న భారీ వర్షానికి కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కింద ఉన్న ఇంటి ప్లాటు వాలు ఎంత అన్న ప్రశ్న అలాంటి ప్రమాదాన్ని ముందుగా పట్టుకోలేదు.

హద్దు గీత పద్ధతి మనకు కొత్త కాదు. 2012 నాటి 168వ నంబరు జీవో భవన నిబంధనల్లో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు నిండు మట్టం నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలని ఉంది. ప్లాటు కొనే సామాన్యుడు సైతం నేడు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం) గురించి అడుగుతున్నాడు. గుట్ట పాదం ఎక్కడ మొదలవుతుందని అడిగే అలవాటు మాత్రం ఇంకా రాలేదు. నేల చదును వదిలి వాలుగా లేచే చోట రాళ్లు పాతి, అక్కడి నుంచి కొన్ని మీటర్లు వదిలితే, దాన్ని తనిఖీ చేయడానికి ఇంజనీరు అక్కరలేదు. రాయి దాటి జేసీబీ వెళ్లిందా లేదా అన్నది పశువులు కాసే పిల్లవాడు కూడా చెప్పగలడు. సిబ్బంది కొరత ఉన్న చోట ఇది చిన్న సుగుణం కాదు.

డిగ్రీల లెక్కకు అందని విలువలను కూడా గీతే కాపాడుతుంది. హనుమకొండలోని పద్మాక్షి గుట్ట రాతిపై చెక్కిన జైన శిల్పాలు, గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టపై పదో శతాబ్దంలో పంప కవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనంలోని తెలుగు కందపద్యాలు గుట్ట ఉంటేనే ఉంటాయి. కాకతీయులు లక్నవరం, పాకాల వంటి చెరువులను గుట్టల మధ్య కట్ట వేసే నిర్మించారు. గుట్ట మీద పడిన వాన ఏ దారిన దిగాలో ఆ దారిన దిగితేనే ఆ చెరువులకు నీరు.

గీతకున్న చిక్కు పట్టా భూములది. గుట్ట పోరంబోకును కాపాడడం ఒక ఎత్తు, గీత లోపల పడిన పట్టాదారుకు నచ్చజెప్పడం మరొక ఎత్తు. పరిహారమో, టీడీఆరో (వదిలిన భూమికి బదులు మరో చోట అదనంగా కట్టుకునే హక్కో) ఇవ్వకుండా గీత గీస్తే అది కోర్టులో నిలబడడం కష్టం; ఆ రైతు గోడు కూడా న్యాయమైనదే.

మూడో దారికి గట్టి రుజువు దూరదేశంలో ఉంది. లాస్ ఏంజిలిస్ నగరం 1952లో నేల తవ్వకం, పూడిక మీద ప్రత్యేక నిబంధనలు తెచ్చి, 1963లో వాటిని మరింత బిగించింది. 1969 వర్షాల తరువాత లెక్కిస్తే, 1952కు ముందు చదును చేసిన స్థలాల్లో 10.4 శాతం దెబ్బతిన్నాయి. 1952-62 మధ్యవి 1.3 శాతం, 1963 తరువాతవి 0.15 శాతం మాత్రమే. కట్టడాన్ని నిషేధించకుండానే, మట్టిని పొరలుగా దట్టించి, నీటికి దారి చూపి, భూగర్భ నిపుణుడి సంతకం తీసుకోవడం వల్ల వచ్చిన తేడా ఇది.

మన దగ్గర లోపం సరిగ్గా ఇక్కడే ఉంది. చదునుకూ పూడికకూ వాడే మామూలు మట్టిని కేంద్రం 2000లోనే చిన్న తరహా ఖనిజంగా ప్రకటించింది, కానీ ఆ చట్టం చూసేది మట్టికి రావలసిన రుసుమును, మిగిలిన కోత నిలుస్తుందా లేదా అన్నది కాదు. తెలంగాణలో భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టం 500 చదరపు మీటర్ల వరకు, పది మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే ఏర్పాటు చేసింది. మైదానంలో అది ప్రజలకు నిజమైన మేలు. గుట్ట పాదంలో మాత్రం దరఖాస్తు నాటికే టిప్పర్లు మొరాన్ని తరలించి ఉంటాయి, కాగితం మీద స్థలం చదునుగానే కనిపిస్తుంది, అబద్ధం చెప్పవలసిన అవసరం కూడా ఎవరికీ రాదు.

కాబట్టి ఒక్కటే ఎంచుకోమంటే నేను హద్దు గీతనే ఎంచుకుంటాను, ఒక షరతుతో: ఆ గీత కట్టడానికి కాదు, తవ్వకానికి వర్తించాలి. 'నిర్మాణ నిషేధ ప్రాంతం' అన్న బోర్డు జేసీబీని ఆపదు, ఎందుకంటే అది నిర్మించడం లేదు. గీత బయట వంద, నూటయాభై మీటర్ల మేర తవ్వకానికి విడి అనుమతి ఉండాలి. నాలుగైదు అడుగులు దాటిన ప్రతి కోతకూ పూడికకూ ముందూ తరువాతా ఫొటోలు, కొలతలు తీసుకోవాలి. డిగ్రీల లెక్క ఆ దరఖాస్తులో ఒక గడిగా ఉంటే చాలు, అదీ సగటుగా కాక ప్రతి పది మీటర్లకు విడిగా కొలిచి.

ఇప్పటికే కోసేసిన చోట ఈ మూడింటిలో ఏదీ పనికిరాదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత కాకపోయినా, అందులో సగం పడినా తట్టుకునేలా కోత పైఅంచు వెంట నీటిని పక్కకు మళ్లించే కాలువ తవ్వాలి, కింద కట్టే గోడలో వరుసగా నీరు కారే రంధ్రాలు వదలాలి, వాటి వెనుక కంకర నింపాలి. రంధ్రాలు లేని గోడ వెనుక నీరు నిండితే, ఎంత మందంగా కట్టినా ఆ గోడ ముందుకే ఒరుగుతుంది.