బరంపురం, చంద్రగిరి, పర్లాకిమిడి: ఒక పాత లెదర్ జాకెట్ కోసం

ఉక్కపోసే సముద్రతీరంలో లెదర్ జాకెట్ వెతకడమేమిటని చాలామంది అడిగారు. వెతకాల్సింది అక్కడేనని నా నమ్మకం. చలి ఉన్న ఊళ్లలో జాకెట్‌ని ఒంటిమీదే అరగదీస్తారు. మన వైపు అది బీరువాలో ఉండిపోతుంది. ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల నుంచి సైన్యంలో చేరినవాళ్లు, ఉత్తరాదిలో ఉద్యోగాలు చేసి రిటైరై వచ్చినవాళ్లు కాన్పూరులోనో ఢిల్లీలోనో మోజుపడి కొనుక్కుంటారు. ఇంటికొచ్చాక దాన్ని తొడుక్కునే చలి ఉండదు. తోలు దాదాపు కొత్తగానే ఉంటుంది, దాన్ని తినేది బూజు. ఆ బూజు లోతుకి దిగకముందే మనం చేరుకోవాలి.

నాకేం కావాలో బయల్దేరకముందే తేల్చుకున్నాను. గోధుమరంగు మేకతోలు, ముందు జిప్పు, నడుం దగ్గరా మణికట్ల దగ్గరా ఊలు అల్లిక పట్టీలు, వీపు అంతా ఒకే ముక్క. 1931లో అమెరికా సైన్యపు విమానదళం తన పైలట్ల కోసం ఏ-2 అనే పేరుతో ఖరారు చేసుకున్న జాకెట్ తీరు ఇది. మంచి మేకతోలుతో కొత్తది కుట్టించుకోవాలంటే నా జీతంలో పెద్ద భాగమే పోతుంది. పైగా ఏళ్ల తరబడి వాడగా తోలుకి వచ్చే మెత్తదనం కొత్తదానికి ఎంత పెట్టినా రాదు.

మకాంకి బరంపురం బాగుంటుంది. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో ఉంది కాబట్టి విశాఖ నుంచీ, పలాస నుంచీ రైళ్లకు లోటు లేదు. బజార్లో తెలుగు హాయిగా నడుస్తుంది. పట్టుబట్టల దుకాణాల్లోనైతే మన మాట విని వాళ్లే తెలుగులోకి మారిపోతారు. మొదట స్టేషన్‌కి దగ్గరగా ఒక లాడ్జిలో దిగాను. దుప్పట్లు శుభ్రం, పొద్దున్నే బకెట్టు వేడినీళ్లు ఇచ్చారు, అద్దె తక్కువ. కానీ గదికి కిటికీ లేదు, గోడ చెమ్మ. మామూలు ప్రయాణికుడికి ఒక రాత్రికి ఫర్వాలేదు. తోలు వస్తువు కొనడానికి వచ్చినవాడు మాత్రం అలాంటి గదిలో ఉండకూడదు. బీరువా వాసనతో దొరికిన జాకెట్‌ని అక్కడ పెడితే తెల్లారేసరికి ఆ వాసన రెట్టింపవుతుంది. అందుకని పెద్ద బజారు వైపు మారిపోయాను. అద్దె కొంచెం ఎక్కువే గానీ రెండువైపులా కిటికీలున్నాయి, మేడమీద నీడపట్టున తీగ కట్టి ఉంది. "ఏది కావాలంటే అది ఆరేసుకోండి" అన్నారు ఇంటివాళ్లు. ఆ ఒక్క మాటకి నేను ఆ బసకి పూర్తి మార్కులు వేస్తాను.

చలికాలంలో బరంపురంలో టిబెటన్లు స్వెటర్ల దుకాణాలు పెడతారు. సరుకు ఎక్కువగా లుధియానా నుంచి వచ్చిన కొత్త సరుకు. అక్కడ వేలాడుతున్న నల్ల జాకెట్లు చూసి నాకు ఆశ పుట్టింది. ఒకావిడని "అసలు తోలేనా?" అని అడిగితే, "కాదు బాబూ, రెక్సిన్. రెండు మూడేళ్లు వస్తుంది, ఆపైన పొరలు లేస్తుంది" అని వచ్చీరాని తెలుగులో ఉన్నమాట చెప్పింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. రెక్సిన్ మీది పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత గాలిలోని తేమకి విరిగిపోతుంది, తీరప్రాంతంలో ఇంకా తొందరగా. సూరత్ మరమగ్గాల్లో పనిచేసి పండగలకి ఇంటికొచ్చే గంజాం కుర్రాళ్లు తెచ్చే జాకెట్లలోనూ ఎక్కువ ఈ రకమే చూశాను.

పాత సరుకు దొరికే చోట్లు వేరు. సాయంత్రం పేవ్‌మెంట్ మీద పాత బట్టలు కుప్పపోసి అమ్మేవాళ్లు, పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే ఆడవాళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా డ్రైక్లీనింగ్ దుకాణాలు. ఇచ్చినవాళ్లు తిరిగి రాక ఏళ్ల తరబడి కొక్కేనికి ఉండిపోయిన బట్టలు ప్రతి డ్రైక్లీనర్ దగ్గరా ఉంటాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు. అమ్మమని మాత్రం ఒత్తిడి చేయకూడదు, అది వాళ్ల సొత్తు కాదు.

చేతికి వచ్చినదాన్ని ఎలా చూడాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఓపిక నిలబడేది ఈ చూపు మీదే. నీటి బొట్టు వేసి పీల్చుకుంటే తోలు, లేకపోతే రెక్సిన్ అంటారు. అది నమ్మొద్దు. పైన రంగుపూత ఉన్న అసలు తోలు కూడా నీటిని పీల్చదు. అగ్గిపుల్ల పరీక్ష ఎదుటివాడి సరుకుని పాడుచేయడమే. జేబు లోపలి అంచో, కాలర్ కింద మడత విప్పుకున్న చోటో వెతకాలి. కోసిన అంచులో పీచు కనిపిస్తే తోలు, గుడ్డ మీద పొర కనిపిస్తే రెక్సిన్. మేకతోలైతే పైన సన్నటి గరుకు గింజలా ఉంటుంది, చోటుచోటుకీ తేడాగా ఉంటుంది. అంతా ఒకే అచ్చు పోసినట్టుంటే అనుమానించాలి. తర్వాత మోచేతి దగ్గర మడిచి చూడాలి. ముడతలు పడితే మంచిదే, పగుళ్లు కనిపిస్తే వదిలేయాలి. పగిలిన తోలుని ఏ నూనే అతికించదు. తెల్లటి పొడిలా ఉన్న బూజు తుడిస్తే పోతుంది. నల్లమచ్చగా లోపలికి దిగినది పోదు.

కొలతల విషయంలో మొహమాటం పనికిరాదు. ఇంట్లో ఒంటికి సరిగ్గా పట్టిన చొక్కానో కోటునో బల్లమీద పరిచి చంక నుంచి చంకకి, భుజం కుట్టు నుంచి కుట్టుకి, కాలర్ కింద నుంచి అంచుకి, చేతి పొడవు కొలుచుకుని కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి. లేబుల్ మీద అంకె చూసి కొనకూడదు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. చిరిగిన లైనింగ్ మారుతుంది, జిప్పు మారుతుంది, చెయ్యి పొడవు కాస్త తగ్గించవచ్చు. భుజం మారదు. మార్చాలంటే జాకెట్ మొత్తం విప్పాలి, పాత సూది రంధ్రాలు తోలులో శాశ్వతంగా ఉండిపోతాయి.

బరంపురం పేవ్‌మెంట్ మీద నాకు దొరికినది సరిగ్గా ఆ భుజం దగ్గరే తప్పింది. గోధుమరంగు, మేకతోలు, వైకేకే కంపెనీ జిప్పు, ధర ₹1,500. భుజం నాకు రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ. చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అమ్మే ఆయన ₹1,200కి దిగాడు. ఆ సమయంలో మనసు ఎన్ని వాదనలైనా చేస్తుంది, లోపల స్వెటర్ వేసుకుంటే సరిపోతుందంటుంది. చవగ్గా దొరికిన తప్పు జాకెట్ ఇంట్లో ఉంటే, సరైనది ఎదురైన రోజున జేబులో డబ్బూ ఉండదు, వెతికే ఆకలీ ఉండదు. కాగితం తీసి కొలత మళ్లీ చూసుకుని తిరిగి ఇచ్చేశాను. నా పక్కన నిలబడ్డ పొడుగాటి కుర్రాడు తీసుకున్నాడు. అతనికి చక్కగా సరిపోయింది.

ఇక చంద్రగిరి, తిరుపతి దగ్గరిది కాదు, గజపతి జిల్లాలోది. టిబెటన్లు ఉండేచోట చలిబట్టలు బాగా దొరుకుతాయని నాకు చాలామంది చెప్పారు. 1963లో ఏర్పడిన ఫుంట్సోక్లింగ్ శరణార్థుల స్థావరం అక్కడిదే. ఆ పక్కనే జీరంగ్‌లోని పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధమఠాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. బరంపురం నుంచి దిగపహండి, తప్తపాణి మీదుగా కొండదారి. బస్సు నెమ్మది, కానీ కిటికీ పక్కన సీటు దొరికితే ఆ నెమ్మదే బాగుంటుంది. మఠం చూడటానికి తప్పకుండా వెళ్లండి. మొక్కజొన్న చేల మధ్య ఆ రంగుల గోపురం, లోపలి నిశ్శబ్దం నన్ను కదిలించాయి. మోమోలు, వేడి తుక్పా (నూడుల్స్ సూపు) తిన్నాను, రెండూ బాగున్నాయి. జాకెట్ కోసమైతే వెళ్లొద్దు. చలికాలంలో స్వెటర్లు అమ్మేవాళ్లంతా పట్టణాలకి వెళ్లిపోయి ఉంటారు, లోసర్ పండగ, అంటే టిబెటన్ల కొత్త సంవత్సరం, దగ్గరపడితేగానీ ఇళ్లు నిండవు.

రాత్రి తప్తపాణికి వచ్చి ఒడిశా పర్యాటక సంస్థవారి పాంథనివాస్‌లో ఉన్నాను. గంధకపు వేడినీటి బుగ్గ ఉన్న ఊరు. ఆ నీళ్లే గది స్నానపుతొట్టిలోకి వస్తాయి. కొండగాలిలో తిరిగి వచ్చాక ఆ స్నానం ఈ ప్రయాణం మొత్తంలో నాకు దొరికిన గొప్ప సుఖం. భోజనం ఆలస్యంగా వచ్చింది, వచ్చాక వేడిగా ఉంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకి ఇదే చెబుతాను. శని, ఆదివారాలు మాత్రం ముందుగా బుక్ చేసుకోవాలి.

పర్లాకిమిడి మనవాళ్లకి పరాయి ఊరు కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. పాతపట్నం దాటి మహేంద్రతనయ నది వైపు వస్తే చాలు. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే రైలు కూడా ఈ ఊరి మీదుగానే. 1900లో రాజావారు వేయించిన చిన్న రైలుమార్గమే ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. ఇక్కడ దుకాణాల్లో నాకేం దొరకలేదు. ఒక ముసలి టైలర్ నా కాగితం మీది కొలతలు చూసి, మా వీధిలో రిటైరైన మిలటరీ ఆయనకి ఇలాంటిది ఉండాలి, అడిగి చూడు అన్నాడు.

వెళ్లాను. ఆయన బీరువాలోంచి తీసి అరుగు మీద పెట్టారు. నేను కోరుకున్నదే. మేకతోలు, వీపు ఒకే ముక్క. అల్లిక పట్టీలు కొంచెం సాగాయి, చంక కింద లైనింగ్ చిరిగింది. తొడుక్కోమన్నారు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చుంది. ధర అడిగే లోపే ఆయన చేయి అడ్డం పెట్టారు.

"ఏటి బాబూ, ఈ జాకెట్టు కోసం ఇంత దూరం వచ్చీసినావా? మావోడు సంకురాత్రికి వస్తాడు. ఆడు వద్దంటే అప్పుడు సూద్దుం."

నేను బేరం ఎత్తలేదు. డబ్బు పెంచి ఆశపెట్టడం సులువే, కానీ కొడుకు వేసుకుంటాడేమోనని తండ్రి దాచినదాన్ని అలా లాక్కోబుద్ధి కాలేదు. ఫోన్ నంబరు ఇచ్చి, దయచేసి ప్లాస్టిక్ కవరు తీసి పాత నూలు దుప్పటిలో చుట్టండని, కర్పూరం ఉండలు తోలుకి తగలకుండా పెట్టండని చెప్పి వచ్చేశాను. పండగ దాటి వారాలు గడిచినా ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. ఆశ వదిలేసుకోబోతున్న రోజుల్లో ఆయనే చేశారు. అబ్బాయి హైదరాబాదులో ఎక్కడ వేసుకుంటానన్నాడట. ₹3,000 అడిగారు, అంతే ఇచ్చాను. కాఫీ ఇచ్చి, కాన్పూరులో అది కొన్న రోజు సంగతి చెప్పారు. ఆ డబ్బుకి ఆ కథ కూడా కలిసి వచ్చింది.

లైనింగ్ ఆ ముసలి టైలరే మార్చాడు. నూలు గుడ్డ వేశాడు, లెదర్ సూదితో, పాత రంధ్రాల్లోంచే. జిప్పు మారుస్తానంటారేమోనని భయపడ్డాను గానీ, "బాగున్నదాన్ని ముట్టకూడదు" అని మైనం రాసి వదిలేశాడు. బూజుని ఆరుబయట పొడిబట్టతో తుడిచి, నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి, నీడలో ఆరబెట్టి, తర్వాత రంగులేని లెదర్ కండిషనర్ పట్టించాను. కొబ్బరినూనె రాయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది, వినకండి. రంగు నల్లబడుతుంది, జిడ్డు వాసన పోదు. పల్చటి హ్యాంగర్ వద్దు, వెడల్పాటి చెక్కది కావాలి.

పర్లాకిమిడిలో బస సాదాగా ఉంటుంది, టిఫిన్లు మన రుచే. కొమ్ముతో చేసే బొమ్మలు చూడకుండా రాకండి. సంక్రాంతి వారంలో రైలూ బస్సూ కిక్కిరిసి ఉంటాయి, పండగ అయ్యాకే వెళ్లండి.

ఇంకో మాట. బరంపురంలో పెద్ద బజారు దగ్గరి ఒక డ్రైక్లీనర్ కొక్కేనికి నల్ల ఆవుతోలు జాకెట్ ఒకటి ఉంది. బరువైనది, పగుళ్లు లేవు, చంక నుంచి చంకకి 24 అంగుళాలు, నాకు బాగా పెద్దది. ఇచ్చినవాళ్ల కోసం హోలీ దాకా చూస్తానని ఆయన అన్నాడు. పెద్ద ఛాతీ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే హోలీ వెళ్లాక అడగండి. అంతకుముందు వెళ్తే ఇవ్వడు.