నిండు నెలల్లో కాళ్ళ వాపులకు కంప్రెషన్ మేజోళ్ళు: 14 వారాలు వాడిన తర్వాత నా అభిప్రాయం

నేను విజయవాడలో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర పనిచేస్తాను. మార్చి నెల మధ్యలో, నాకు 28వ వారం నడుస్తుండగా, ఒక సాయంత్రం సత్యనారాయణపురంలోని మా ఇంటికి వచ్చి చెప్పులు విప్పితే, వాటి పట్టీల అచ్చులు పాదాల మీద లోతుగా దిగి కనిపించాయి. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసుకున్నాను. పడిన గుంట వెంటనే పూడలేదు. మా అత్తయ్య గారు చూసి, "కాళ్ళకు నీరు దిగిందమ్మా, నెలలు నిండేకొద్దీ ఉండేదే" అన్నారు. ఆ మాట నిజమే కానీ, రోజుకు ఏడెనిమిది గంటలు కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చునే ఉద్యోగంలో ఇంకా మూడు నెలలు ఎలా గడపాలో నాకు అర్థం కాలేదు. తర్వాతి పరీక్షకు వెళ్ళినప్పుడు అడిగితే, మా డాక్టరు గారు బీపీ చూసి, మూత్రం పరీక్ష చేయించి, రెండూ బాగున్నాయని నిర్ధారించుకున్న తర్వాతే మోకాళ్ళ వరకు వచ్చే కంప్రెషన్ మేజోళ్ళు వాడమన్నారు. ఆ రోజు నుంచి కాన్పు వరకు 11 వారాలు, ఆ తర్వాత మరో 3 వారాలు వాటిని వాడాను.

ఈ వాపు ఎందుకు వస్తుందో తెలిస్తేనే మేజోడు ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుస్తుంది. గర్భిణి ఒంట్లో రక్తం మామూలు కంటే దాదాపు సగం ఎక్కువవుతుంది. పెరిగిన గర్భసంచి, కాళ్ళ నుంచి గుండెకు రక్తం తీసుకువెళ్ళే పెద్ద సిర మీద బరువు మోపుతుంది. దానితో పైకి వెళ్ళవలసిన రక్తం కాళ్ళలో నిదానించి, అందులోని నీరు సన్నటి రక్తనాళాల గోడలు దాటి చర్మం కింది కణజాలంలోకి ఊరుతుంది. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగుసుకుని ఆ రక్తాన్ని పైకి తోస్తాయి కాబట్టి, నడిచేవారి కంటే కదలకుండా కూర్చునేవారికీ నిలబడేవారికీ వాపు ఎక్కువ. కంప్రెషన్ మేజోడు చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా పట్టి, నీరు బయటికి ఊరకుండా అడ్డుకుంటుంది. అంటే అది ముఖ్యంగా వాపును రానివ్వకుండా ఆపడానికే కానీ, వచ్చిన వాపును పిండి తీసేయడానికి కాదు. నాకు మొదటి రెండు వారాలు ఫలితం లేకపోవడానికి ఒక కారణం ఈ సంగతి తెలియకపోవడమే.

ఆ రెండు వారాల కథ చెప్పాలి. సూర్యారావుపేటలో ఆసుపత్రుల మధ్య ఉన్న ఒక మందుల దుకాణంలో అడిగితే, కౌంటర్‌లోని అబ్బాయి నా చెప్పుల సైజు అడిగి, ఒక పెట్టె తీసి ఇచ్చాడు. ఎవరూ టేపు పట్టలేదు. కొలవాలని నాకూ తెలియదు. పైగా నేను వాటిని బ్యాంకుకు వెళ్ళే ముందు, వంట, స్నానం, పూజ అన్నీ ముగించుకుని, తొమ్మిది గంటలకు తొడిగేదాన్ని. అప్పటికే మూడు గంటలు నిలబడి ఉన్నందున కాలిలో నీరు చేరిపోయి ఉండేది. పైన ఉన్న పట్టీ మధ్యాహ్నానికి చుట్టచుట్టుకుని మోకాలి కింద తాడు కట్టినట్టు బిగుసుకునేది, దాని దిగువన వాపు ఇంకా పెరిగేది. ఒక రోజు వేళ్ళు తిమ్మిరెక్కి నీలంగా కనిపించేసరికి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి విప్పేశాను. సరైన కొలత లేని మేజోడు అసలు మేజోడు లేకపోవడం కంటే హానికరమని నాకు అప్పుడు తెలిసింది.

రెండోసారి ఫిజియోథెరపీ సామాను అమ్మే వేరే దుకాణానికి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దావిడ నన్ను మరుసటి రోజు పొద్దున్నే, మంచం మీద ఉండగానే, చీలమండపై అన్నింటికంటే సన్నగా ఉన్న చోట, పిక్కలో అన్నింటికంటే లావుగా ఉన్న చోట, మడమ అడుగు నుంచి మోకాలి మడత వరకు, ఇలా మూడు కొలతలు తీసుకుని రమ్మన్నారు. వాటిని పెట్టె మీది పట్టికతో పోల్చి సైజు ఇచ్చారు. మొదటి తరగతి ఒత్తిడి, అంటే 18 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం (బీపీని కొలిచే ప్రమాణమే ఇది), వేళ్ళ దగ్గర తెరిచి ఉండే రకం, జత 1,450 రూపాయలు. ఉతుక్కోవడానికి వీలుగా రెండు జతలు కొన్నాను. తెరిచి ఉన్న వేళ్ళ రకమే మన ఎండలకు మేలు. వేళ్ళ రంగు మారితే వెంటనే కనిపిస్తుంది కూడా. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే రెండు దుకాణాలలోనూ దొరికింది ఒకే కంపెనీ సరుకు. తేడా అంతా కొలతలోనే.

తొడగడమే అసలు పని. 34వ వారం దాటాక నాకు పాదం అందలేదు, మా వారే తొడిగేవారు. ఆయన గిన్నెలు తోమే రబ్బరు చేతొడుగులు వేసుకుని, మేజోడును మడమ వరకు లోపలివైపు బయటికి తిరగేసి, ముందు పాదం దూర్చి, మడమ సంచి సరిగ్గా మడమ మీద కూర్చున్నదని చూసి, తర్వాత అరచేతులతో ముడతలు సర్దుకుంటూ పిక్క మీదుగా పైకి జరిపేవారు. గుడ్డను గోళ్ళతో పట్టి లాగితే పోగు లేచిపోతుంది, చెమటతో తడిసిన కాలి మీద అసలు జరగదు. మొదట్లో ఒక్కో కాలికి పది నిమిషాలు పట్టినది, నెల తిరిగేసరికి రెండు కాళ్ళకూ కలిపి నాలుగు నిమిషాలలో అయిపోయేది. అదంతా నేను మంచం దిగకముందే జరగాలి. ఎప్పుడైనా తెల్లవారుజామున బాత్‌రూమ్‌కు వెళ్ళి వస్తే, మళ్ళీ ఓ అరగంట కాళ్ళు ఎత్తులో పెట్టి పడుకున్న తర్వాతే తొడిగేవారు.

ఫలితాన్ని కళ్ళతో కాకుండా టేపుతో చూడాలని, కుట్టుపెట్టెలోని టేపుతో కుడి చీలమండను ఉదయం, సాయంత్రం కొలిచి క్యాలెండర్‌ మీద రాసుకునేదాన్ని. మేజోళ్ళు లేని రోజున ఉదయం 23.5 సెంటీమీటర్లు ఉన్నది సాయంత్రానికి 26కు చేరేది. సరిగ్గా తొడిగిన రోజున 24.2 దగ్గర ఆగేది. కొలత కంటే నాకు ఎక్కువ తేడా తెలిసింది బరువులో. సాయంత్రం ఆటో దిగి మా మొదటి అంతస్తు మెట్లు ఎక్కేటప్పుడు, కాళ్ళకు ఇసుక మూటలు కట్టినట్టు ఉండే భారం చాలావరకు తగ్గింది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం మాత్రం ఏమీ తగ్గలేదు. వాటి మీద ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఎడమ కాలు కుడి కాలి కంటే కొంచెం ఎక్కువ వాచేది. ఎడమ కాలి నుంచి పైకి వెళ్ళే సిర మీదుగా ఒక ధమని దాటుతుంది కాబట్టి కొద్దిపాటి తేడా సహజమని డాక్టరు గారు చెప్పారు. అయితే ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్కలో నొప్పి పుట్టి, చర్మం ఎర్రగా, వెచ్చగా ఉంటే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, అప్పుడు మర్దన చేయకుండా, మేజోడు తొడగకుండా అదే రోజు ఆసుపత్రికి రావాలని గట్టిగా హెచ్చరించారు.

ఇక వేడి. ఏప్రిల్ చివరి నుంచి విజయవాడలో మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటుతాయని వేరే చెప్పనక్కరలేదు. ఏసీ ఉన్న బ్యాంకులో ఈ మేజోళ్ళతో కూర్చోవడం తేలికే. ఆదివారం ఇంట్లో, కరెంటు పోయినప్పుడు, నరకం. మే నెలలో మోకాలి వెనుక చెమటకాయలు లేచాయి. అందుకని సెలవు రోజులలో మధ్యాహ్నం పన్నెండుకే విప్పేసి, పొద్దున పట్టి నీడలో ఉంచిన బకెట్ నీళ్ళలో ఇరవై నిమిషాలు కాళ్ళు పెట్టుకుని, తర్వాత ఎడమ వైపు తిరిగి, పాదాల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకునేదాన్ని. ఎడమ వైపు పడుకుంటే ఆ పెద్ద సిర మీద బరువు తగ్గుతుంది. ఖర్చు లేని ఈ పని సెలవు రోజున మేజోళ్ళతో సమానంగా పనిచేసిందని నా టేపే చెప్పింది. బ్యాంకులో మాత్రం దానికి వీలులేదు కాబట్టి, గంటకోసారి లేచి ఓ పది అడుగులు వేసి, కుర్చీలో ఉండగా మడమలు ఎత్తి దించుతూ ఉండేదాన్ని. చట్టం ప్రకారం నాకు ప్రసూతి సెలవు 26 వారాలు ఉన్నా, ప్రసవానికి ముందు 8 వారాలకు మించి వాడుకోలేము. నేను ఎక్కువ భాగం బిడ్డ కోసమే మిగుల్చుకోవాలని 36వ వారం వరకు ఉద్యోగానికి వెళ్ళాను. ఈ మేజోళ్ళు లేకపోతే అది సాధ్యపడేది కాదు.

సెలవు పెట్టి గుంటూరు బ్రాడీపేటలోని పుట్టింటికి వెళ్ళేసరికి ఆవకాయ కాలం. చుట్టాలు వచ్చి, ఉప్పు మానేసి చప్పిడి తినమని ఒకరు, నీళ్ళు తగ్గించమని ఒకరు, ఫలానా నీటి బిళ్ళ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర) వేసుకుంటే రెండు రోజుల్లో వాపు తీసేస్తుందని ఒకరు చెప్పారు. వారి ప్రేమను తప్పుపట్టను కానీ మూడూ తప్పే. గర్భంతో ఉన్నప్పుడు వాపు కోసం ఉప్పు పూర్తిగా మానవలసిన పని లేదని, ఊరగాయలు, అప్పడాలు, వడియాలు మితం చేసుకుంటే చాలని, దాహానికి తగినన్ని నీళ్ళు తాగాలని, తాను రాయని నీటి బిళ్ళ ముట్టుకోకూడదని డాక్టరు గారు నాకు స్పష్టంగా చెప్పారు. మా అమ్మ ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా, "డాక్టరమ్మ గారిని అడిగి చేస్తాంలే వదినా" అని సర్దిచెప్పేది.

37వ వారంలో మెట్టెలు వేళ్ళలోకి కోసుకుపోతుంటే తీయడానికి నేను వెనకాడాను. చూడడానికి వచ్చిన అత్తయ్య గారే సబ్బు నురుగు రాసి, మెల్లగా తిప్పుతూ తీసి, కుంకుమ భరిణెలో దాచారు. "వేలు బాగుంటే మళ్ళీ పెట్టుకుంటావు, అమ్మాయ్" అన్నారు. మెట్టెలు, ఉంగరాలు బిగుసుకుపోకముందే తీసేయడం మంచిది.

ఆ వారంలోనే ఒక ఉదయం లేచేసరికి కనురెప్పలు ఉబ్బి, చేతివేళ్ళు ముడుచుకోలేకపోయాను. కాళ్ళ వాపు సాయంత్రానికి పెరిగి రాత్రి పడుకుంటే తగ్గేది. ఇది పొద్దున్నే ముఖంలో ఉంది. మేజోళ్ళు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాం. మెట్లు ఎక్కిన వెంటనే చూస్తే బీపీ 142/92, అరగంట కూర్చున్న తర్వాత చూస్తే 126/80. మూత్రంలో ప్రొటీన్ లేదు, రక్త పరీక్షలూ సరిగానే ఉన్నాయి. నాలుగు గంటలు ఉంచుకుని, రోజు విడిచి రోజు బీపీ చూపించుకోమని పంపారు. నాకు ఏమీ కాలేదు కానీ అలాగే అందరికీ అవుతుందని అనుకోకూడదు. ముఖం, చేతులు హఠాత్తుగా వాచినా, విడవని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, పక్కటెముకల కింద నొప్పి ఉన్నా, బీపీ 140/90 లేదా అంతకు మించినా అది ప్రీ ఎక్లంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి అవయవాలు దెబ్బతినే జబ్బు) కావచ్చు, అది తల్లికీ బిడ్డకీ ప్రాణాంతకం కావచ్చు. మేజోడు కాలి వాపును కప్పిపుచ్చుతుంది కాబట్టి, అది వేసుకునేవారు బీపీని మరింత శ్రద్ధగా చూపించుకోవాలి.

నాకు ఎవరూ ముందుగా చెప్పనిది కాన్పు తర్వాతి వాపు. జూన్ మొదటి వారంలో సిజేరియన్ అయ్యాక, ఎక్కించిన సెలైన్‌ వల్ల కూడా కావచ్చు, మూడో రోజుకు కాళ్ళు గర్భంతో ఉన్నప్పటి కంటే ఎక్కువ వాచాయి. అమ్మ భయపడింది. అది కొన్ని రోజులు ఉండి తగ్గుతుందని, ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా మేజోళ్ళు వాడుతూ నడవడం మంచిదని డాక్టరు గారు చెప్పి మళ్ళీ తొడిగించారు. పన్నెండో రోజుకు ఎముక మీద గుంట పడలేదు.

మన్నిక గురించి చెప్పాలంటే, చల్లటి నీళ్ళలో చేత్తో ఉతికి నీడలో ఆరవేసిన జత ఇప్పటికీ పట్టుగానే ఉంది. అమ్మ తెలియక డాబా మీద ఎండలో వేసిన రెండోది నెల తిరగకుండానే పైపట్టీ వదులైంది. కొబ్బరినూనె రాసిన కాలి మీద వేసినా సాగుడు పోతుంది, అందుకే నూనె ఏదైనా రాత్రి విప్పాకే రాసుకునేదాన్ని. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు, కాళ్ళకు రక్తప్రసరణ సరిగా లేనివారు డాక్టరును అడగకుండా వీటిని వాడకూడదు.

బాగున్న ఆ జతను ఇప్పుడు ఏడో నెలలో ఉన్న మా పిన్ని కూతురు అడిగింది. ఇవ్వలేదు. రేపు పొద్దున మంచం దిగకముందు మూడు కొలతలు తీసి ఫోన్ చేయమని, దుకాణానికి తనతో నేనే వస్తానని చెప్పాను.