జాగ్రత్త: ‘ఆర్‌జీబీ’ అని రాసి ఉన్న కన్వర్టర్లన్నీ ఆర్‌జీబీ తీసుకోవు

పాత అమిగా 500 కంప్యూటర్‌ను ఇప్పటి టీవీకి కలుపుకోవడానికి కన్వర్టర్ వెతుకుతున్నవారు కొనేముందు ఇది ఒకసారి చదవవలసిందిగా మనవి. నేను కొన్న డబ్బా మీద, దాని అట్టపెట్టె మీద, అమ్మకపు వివరాల్లో కూడా ‘స్కార్ట్ ఆర్‌జీబీ నుంచి హెచ్‌డీఎంఐకి’ అని స్పష్టంగా ఉంది. స్కార్ట్ అంటే పాత యూరప్ టీవీల వెనక ఉండే వెడల్పాటి సాకెట్టు; ఆర్‌జీబీ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను వేరువేరు తీగల మీద పంపే పద్ధతి. అది ఆర్‌జీబీని అసలు తీసుకోదన్న సంగతి విప్పి చూసేదాకా నాకు తెలియలేదు. ఈలోగా ఏ లోపమూ లేని కంప్యూటర్‌ను మరమ్మతుకు పంపబోయాను.

డబ్బాను టీవీకి కలిపి కరెంటు ఇవ్వగానే, సిగ్నల్ లేనప్పుడు కనిపించే నీలం తెర వచ్చింది. అమిగా స్విచ్ వేయగానే ఆ నీలం పోయి తెర నల్లబడి, అలాగే ఉండిపోయింది. ఫ్లాపీ డ్రైవ్ మాత్రం, లోపల డిస్కు లేనప్పుడు ఎప్పుడూ చేసే టిక్కు టిక్కు చప్పుడు చేస్తూనే ఉంది, అంటే యంత్రం లేచి డిస్కు కోసం ఎదురుచూస్తోందన్నమాట. అమ్మినవారికి రాస్తే, కంప్యూటర్ పాతది కాబట్టి వీడియో చిప్పు పోయి ఉంటుందని, తమ సరుకులో తప్పు లేదని జవాబిచ్చారు. 1987లో వచ్చిన యంత్రం కదా, ఆ మాట నమ్మబుద్ధయింది. అమిగాలో డెనిస్ అనే ఆ వీడియో చిప్పు ఎక్కడ దొరుకుతుందా అని రెండు రోజులు వెతికాను కూడా.

నీలం తెర నల్లబడటంలోనే అసలు గుట్టు ఉంది. స్కార్ట్ ప్లగ్గులో ఎరుపు 15వ పిన్ను మీద, ఆకుపచ్చ 11వ పిన్ను మీద, నీలం 7వ పిన్ను మీద వస్తాయి. 20వ పిన్ను మీద, బొమ్మంతా ఒకే తీగలో కలిపి పంపే కాంపోజిట్ వీడియో రావచ్చు, లేదా ఆర్‌జీబీకి తోడుగా ఉండే సింక్, అంటే తెర మీద గీతలు ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సంకేతం, ఒక్కటే రావచ్చు. నా కేబుల్లో వచ్చేది సింక్ ఒక్కటే. డబ్బా స్క్రూలు తీసి బోర్డును వెనక్కి తిప్పి చూస్తే, రంగుల పిన్నులు మూడింటినీ సాకెట్టు కదలకుండా ఉండటానికి సోల్డర్ చేసి వదిలేశారు తప్ప, వాటి నుంచి ఒక్క రాగి గీత కూడా బయలుదేరలేదు. వీడియోకు సంబంధించి 20వ పిన్ను ఒక్కదాని నుంచే గీత చిప్పు దాకా వెళ్ళింది. సింక్ అందింది గనుక సిగ్నల్ వచ్చిందనుకుని నీలం తెరను తీసేసి, దాని వెంట బొమ్మేదీ రాలేదు గనుక నలుపు చూపించడం తప్ప ఆ డబ్బా చేయగలిగింది మరేమీ లేదు.

ఈ సంగతి అమ్మినవారికి రాసిన తర్వాత, అయితే పసుపు రంగు కాంపోజిట్ కేబుల్ వాడి చూడండి అని సలహా వచ్చింది. అమిగా 500 వెనక ఉన్న కాంపోజిట్ సాకెట్టు నలుపు తెలుపు బొమ్మనే ఇస్తుందని ఈ సరుకు అమ్మేవారికి తెలియకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంది.

విప్పకుండానే పట్టుకునే ఉపాయం ఒకటుంది. డబ్బాకు కరెంటు లేనప్పుడు, మల్టీమీటర్‌తో 15వ పిన్నుకు, దాని గ్రౌండ్ అయిన 13వ పిన్నుకు మధ్య కొలిస్తే, ఆర్‌జీబీ తీసుకునే పరికరంలో సాధారణంగా 75 ఓమ్‌ల దగ్గర చూపాలి. నా డబ్బాలో మీటర్ ఏమీ చూపలేదు. కొనకముందు ఈ కొలత అడగండి; చెప్పలేకపోయినా, మాట దాటేసినా కొనకండి.

అమిగా 23 పిన్నుల సాకెట్టు నుంచి నేరుగా వీజీఏకి వెళ్ళే వట్టి కేబుళ్ళ జోలికి కూడా పోవద్దు. అమిగా మామూలుగా ఇచ్చే బొమ్మ లైన్ వేగం, అంటే తెర మీద సెకనుకు గీసే అడ్డగీతల లెక్క, 15.6 కిలోహెర్ట్జ్ కాగా, వీజీఏ మానిటర్లలో చాలావాటికి కనీసం 31 కిలోహెర్ట్జ్ పైన కావాలి; తీగలు కలిపినంత మాత్రాన ఆ వేగం రెట్టింపు కాదు. పైగా ఆ సాకెట్టులో 22వ పిన్ను మీద 12 వోల్టులు, 23వ పిన్ను మీద 5 వోల్టులు ఉంటాయి. 23 పిన్నుల ప్లగ్గు అరుదు కాబట్టి కొందరు 25 పిన్నుల ప్లగ్గును రంపంతో కోసి అమర్చి అమ్ముతున్నారు. లోహపు అంచు లేని అలాంటి ప్లగ్గు ఒక పిన్ను పక్కకు జారి దిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఏ కేబుల్ అయినా కంప్యూటర్ ఆపిన తర్వాతే పెట్టండి.

ఆర్‌జీబీ నిజంగానే తీసుకునే చవక డబ్బాలు కూడా ఉన్నాయి, కానీ వాటిలోనూ చాలావరకు ఎప్పుడూ 60 హెర్ట్జ్‌లోనే బయటకు పంపుతాయి. పాల్ (యూరప్‌లో, మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) అమిగా ఇచ్చేది సెకనుకు 50 ఫ్రేములు కాబట్టి మిగిలిన పదింటినీ పాతవాటినే మళ్ళీ చూపి నింపుతాయి. ఆటలో తెర పక్కకు జరుగుతున్నప్పుడు ఆ కుదుపు కంటికి తెలిసిపోతుంది. ఓఎస్‌ఎస్‌సీ వంటి లైన్ డబ్లర్‌లో, అంటే బొమ్మలోని ప్రతి గీతను రెండేసి సార్లు పంపే పరికరంలో, ఈ కుదుపు ఉండదు, అయితే అది 50 హెర్ట్జ్‌ను ఉన్నదున్నట్టు పంపుతుంది కాబట్టి మీ టీవీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. అమిగా సింక్ 5 వోల్టుల లాజిక్ స్థాయిలో వస్తుంది గనుక, కేబుల్లో దాన్ని తగ్గించే రెసిస్టర్, సాధారణంగా 470 ఓమ్‌లది, ఉందని నిర్ధారించుకోకుండా ఇలాంటి మంచి పరికరానికి తగిలించకండి.

ఇప్పుడు అదే అమిగా, అదే స్కార్ట్ కేబుల్, వేరే కన్వర్టర్‌తో చక్కగా పనిచేస్తోంది; డిస్కు పెట్టమని అమిగా చూపే, డిస్కు పట్టుకున్న చేయి బొమ్మ మొదటిసారి రంగుల్లో కనిపించిన రోజునే, రాగి గీతలు లేని ఆ మూడు పిన్నుల ఫొటోలు జతచేసి మొదటి అమ్మకందారును డబ్బు వాపసు అడిగాను. జవాబు రాలేదు. అమ్మకపు వివరాల్లో మాత్రం ‘ఆర్‌జీబీ’ అన్న మాట అలాగే ఉంది.